పాతవాళ్లు గనిని ఎందుకు వదిలేశారో ముందు అడగండి

నెవాడాలో పాత అగ్నిపర్వత ప్రాంతంలో ఒక చిన్న కంపెనీ మళ్లీ బంగారం, వెండి వెతుకుతోందనీ, 'చారిత్రక గనుల ప్రాంతం' అని చెప్పుకుంటోందనీ, అక్కడ ఇంకా సరుకు ఉంటుందా అనీ అడిగారు. విశాఖలో జియాలజీ చదివి ఆ రాష్ట్రంలోనే కొన్నేళ్లు పనిచేశాను. డ్రిల్లింగ్‌లో బయటికొచ్చే రాతి కడ్డీలను పరిశీలించి వివరాలు రాయడం నా పని. షేర్ల సంగతి నాకు తెలియదు, రాళ్ల సంగతి చెబుతాను.

మనవాళ్లకు బంగారం గని అంటే కోలారే గుర్తొస్తుంది. అక్కడ 3 కిలోమీటర్లకు పైగా దిగినా బంగారం దొరికింది. అందుకే 'ఇంకా లోతుకు పోతే ఇంకా దొరుకుతుంది' అనుకుంటాం. అగ్నిపర్వత ప్రాంతాల్లో ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది.

అదే నెవాడాలో వర్జీనియా సిటీ అనే ఊరి కింద ఉన్న కామ్‌స్టాక్ గనులనే చూడండి. 1859లో అక్కడ బంగారం కడుక్కునేవాళ్లకు నీలిరంగు మట్టి అడ్డుపడుతుంటే తిట్టుకుంటూ పారబోశారు. పరీక్ష చేయిస్తే అది వెండి ఖనిజం! 1873లో 'బిగ్ బొనాంజా' అనే భారీ నిక్షేపం దొరికింది. ఇక ఆశకు అంతులేదు. ఒళ్లు కాలిపోయేంత వేడినీళ్లు ఎదురైనా 3,000 అడుగులు దాటి దిగారు. గనుల నీటిని బయటికి పంపడానికి తవ్విన సుట్రో సొరంగం 1878లో గనులను చేరింది. అంత శ్రమపడినా అడుగున మళ్లీ అలాంటి నిక్షేపం దొరకలేదు.

కారణం ప్రెషర్ కుక్కరు తెలిసినవారికి సులువుగా అర్థమవుతుంది. భూగర్భంలో ఒత్తిడి వల్ల మరగకుండా ఉన్న వేడినీరు పగుళ్ల గుండా పైకి వస్తుంది. ఒత్తిడి తగ్గిన చోట ఒక్కసారిగా మరుగుతుంది. బంగారాన్ని కరిగించి పట్టుకున్న గంధకపు వాయువు అక్కడ ఆవిరితో పోతుంది, బంగారం రాలిపోతుంది. ఇలా మంచి సరుకు ఎక్కువగా ఆ మరుగు మట్టం చుట్టూ కొన్ని వందల మీటర్ల మందంలోనే ఉంటుంది. దాని కిందికి పోతే చాలాసార్లు ఖర్చే మిగులుతుంది.

న్యూజిలాండ్‌లోని వైహీ కథ వేరు. అక్కడి మార్తా గని 1952లో మూతపడింది. ఖనిజం అయిపోయి కాదు. అప్పట్లో బంగారం ధర ఔన్సుకు 35 డాలర్ల దగ్గరే కట్టివేసి ఉండేది, ఖర్చులేమో పెరుగుతూ పోయాయి. 1988లో అదే చోట ఓపెన్‌కాస్ట్ (నేల పైనుంచే తవ్వే) గని మొదలైంది. నేల మీద ఆనవాలే లేని ఫవోనా అనే ఖనిజ సిర ఆ తరువాతే దొరికింది. డబ్బు చాలక ఆపిన చోటికీ, ఖనిజం అయిపోయి ఆపిన చోటికీ ఉన్న తేడా ఇదే.

నీళ్లు మరిగిన చోటును రాయిలో గుర్తుపట్టడం నాకు మొదట్లో తెలియదు. తొలి ఏడాది ఒక కడ్డీలో పలుగురాయి సన్నని రేకులు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తే 'తెల్లరాయి, విశేషం లేదు' అని రాసేశాను. మా సీనియర్ భూతద్దం పెట్టి చూసి, "ఇక్కడ నీళ్లు మరిగాయి, ఇంతకంటే విశేషం ఏం కావాలి?" అన్నారు. మరుగుతున్న నీటిలో కాల్సైట్ అనే సున్నపు ఖనిజం అలా రేకులుగా ఏర్పడుతుందట, తరువాత పలుగురాయి దాని స్థానాన్ని ఆక్రమిస్తుందట. కడ్డీల పెట్టెలన్నీ మళ్లీ తెరిపించి మొదటి నుంచీ రాయించారు. ఆ డ్రిల్లింగ్ రంధ్రంలో బంగారం రాలేదు, కొంచెం వెండి వచ్చింది. అయినా తరువాతి రంధ్రం ఎక్కడ వేయాలో ఆ రేకులే చెప్పాయి.

మీరు చూడాల్సినవి రెండు. పాత గనుల దగ్గర పారబోసిన రాళ్ల గుట్టల మీద ఏరిన రాళ్ల ఫలితాలను పట్టించుకోకండి, మంచి రాయిని ఎవరైనా ఏరగలరు. '30 మీటర్ల మేర టన్నుకు 1 గ్రాము' అని సగటు లెక్క ఉంటే, ఒక్క మీటరులోనే 27 గ్రాములుండి మిగతాదంతా దాదాపు ఖాళీయేమో చూడండి. ఆ కంపెనీ ప్రకటనలో మీటరు మీటరుకూ విడివిడిగా ఇచ్చిన పట్టిక ఉంటే ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.