నలుగురు స్పెషలిస్టులు చూస్తున్నా, అన్ని చీటీలూ కలిపి చూసే డాక్టరు ఒకరు కావాలి

మీ అమ్మగారికి 74 ఏళ్లని, మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల అరుగుదలతో పాటు కిడ్నీ సమస్య కూడా మొదలైందని, నలుగురు స్పెషలిస్టులు చూస్తుండగా ఇంటి దగ్గరి ఎం.బి.బి.ఎస్. డాక్టరు కూడా అవసరమా అని అడిగారు. మా నాన్నగారిని చూసుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను, తప్పకుండా అవసరం.

మా నాన్నగారికి గుండె డాక్టరు రాసిన రక్తపోటు మాత్రలకు తోడు, ప్రొస్టేట్ కోసం మరో డాక్టరు టామ్సులోసిన్ రాశారు. ఎవరి వైద్యం వారి వరకు సరైనదే. కానీ రాత్రిళ్లు బాత్రూముకు లేచినప్పుడు ఆయనకు కళ్లు తిరిగేవి. వయసు వల్లేనని అందరం అనుకున్నాం. హైదరాబాద్ నల్లకుంటలో మా వీధి చివర ఉండే డాక్టరుగారు మాత్రం ఇంట్లో ఉన్న మందులన్నీ, కంటి చుక్కలు, ఆయుర్వేద చూర్ణాలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లలతో సహా, ఒక సంచిలో వేసుకుని రమ్మన్నారు. నాన్నగారిని పడుకోబెట్టి బీపీ చూసి, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు మళ్లీ చూస్తే, పై అంకె 20 పాయింట్లకు పైగా తగ్గింది. ప్రొస్టేట్ మందు కూడా రక్తనాళాలను కొంత సడలిస్తుందని వివరించి, గుండె డాక్టరుతో స్వయంగా ఫోనులో మాట్లాడి ఒక మాత్ర మోతాదు తగ్గించారు. అదే సంచిలో వేర్వేరు కంపెనీ పేర్లతో ఉన్న రెండు రకాల షుగర్ మాత్రల్లోనూ మెట్‌ఫార్మిన్ ఉందని కూడా అప్పుడే బయటపడింది. పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవడం అప్పటినుంచి మా ఇంట్లో అలవాటైంది.

మీ అమ్మగారి విషయంలో నాకు ఎక్కువ భయం మోకాళ్ల నొప్పి బిళ్లల గురించే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రతోనూ, నీరు పోయే మాత్రతోనూ కలిస్తే కిడ్నీలను బాగా దెబ్బతీయగలవు. కిడ్నీల రక్తపరీక్షలో క్రియాటినిన్‌తో పాటు ఇ.జి.ఎఫ్.ఆర్. (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) ఎంత ఉందో అడగండి; అది 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడకూడదు. షుగర్‌ను మరీ బిగించవలసిన అవసరం ఉందో లేదో కూడా అడగండి. ఇన్ని జబ్బులున్న పెద్దవారికి హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 8 శాతం లోపు ఉంటే చాలని వైద్యులు తరచుగా అంటారు, ఎందుకంటే ఆ వయసులో షుగర్ పడిపోయి కింద పడడం మరింత ప్రమాదకరం.

ఫీజు భారమనుకుంటే, హైదరాబాద్‌లో 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో డాక్టరు చూడడం, రక్తపరీక్షలు, మందులు ఉచితమే. అయితే ప్రతిసారీ ఒకే డాక్టరుకు చూపించుకునే వీలుందో లేదో ముందే కనుక్కోండి, మన అవసరం అక్కడే ఉంది.

సంచి చూపించేంతవరకు ఏ మందునూ సొంతంగా ఆపవద్దు. ముఖ్యంగా బీపీకి, గుండెకు వాడే మెటోప్రొలాల్, అటెనోలాల్ వంటివి ఒక్కసారిగా మానేస్తే గుండెకు ప్రమాదం.