కొత్తగా సభకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "మైకు ఇచ్చేసరికి గొంతు వణుకుతుందేమోనని టెన్షన్‌గా ఉంది మామయ్యా, అసెంబ్లీలో ఎలా మాట్లాడాలో చెప్పు" అన్నావు. శాసనసభ సచివాలయంలో 30 ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ప్రశ్నల విభాగంలోనే గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను తల్లీ, మాట్లాడే సంగతి తర్వాత చూద్దాం. ముందు రాయడం నేర్చుకో. సభలో ఏ పనైనా నోటీసుతో మొదలవుతుంది. నోటీసు సరిగా లేకపోతే ఎంత గట్టిగా మాట్లాడినా సాయంత్రానికి నీ చేతిలో ఏమీ మిగలదు.

మొదటి రోజు ప్రొటెం స్పీకర్, అంటే అసలు స్పీకర్ ఎన్నికయ్యేదాకా ఆ పని చూసే సభ్యుడు, మీ అందరితో ప్రమాణం చేయిస్తారు. గెలిచాం కదా, ప్రమాణం ఎప్పుడైనా చేయవచ్చులే అనుకోకు. ప్రమాణం చేయకుండా సభలో కూర్చున్నా, ఓటు వేసినా రోజుకు 500 రూపాయలు కట్టాలని రాజ్యాంగం 193వ అధికరణలో ఉంది. ఆ తర్వాత స్పీకర్ ఎన్నిక, గవర్నర్ ప్రసంగం. ఆ హడావిడిలో నీకిచ్చిన పుస్తకాలన్నీ కారు వెనక సీట్లో పడి ఉంటాయి. వాటిలోంచి సభా నియమావళిని మాత్రం తీసి మంచం పక్కన పెట్టుకో. 208వ అధికరణ ప్రకారం ఏ సభ నియమాలు ఆ సభే చేసుకుంటుంది. పార్లమెంటులో అలా చేశారని టీవీలో చూసి ఇక్కడా అంతే అనుకుంటే పొరపాటు. నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో, ఒక సభ్యుడు ఎన్ని ప్రశ్నలు ఇవ్వవచ్చో అన్నీ ఆ పుస్తకంలోనే చూసుకో. మొదట చదవాల్సింది ప్రశ్నల అధ్యాయం.

సభ రోజూ ప్రశ్నోత్తరాలతోనే మొదలవుతుంది. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి జవాబు చెబుతారు, దాని మీద నువ్వు అనుబంధ ప్రశ్న వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా వస్తుంది, అంతటితో సరి. లెక్కలు, జాబితాలు కావాలంటే గుర్తు లేని ప్రశ్న చాలు. మంత్రి చేత సభ ముందు ఒక మాట అనిపించాలంటేనే నక్షత్ర గుర్తు ప్రశ్న ఇవ్వు.

ప్రశ్న ఎలా చెడిపోతుందో ఒక ఉదాహరణ చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక కొత్త సభ్యుడు తన నియోజకవర్గంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గురించి ప్రశ్న ఇచ్చారు. మన పాత పద్ధతిలోనే ఉంది: "(అ) ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు లేని విషయం వాస్తవమేనా, (ఆ) అయినచో, తీసుకున్న చర్యలేవి?" జవాబు వచ్చింది. (అ)కు "కాదండి". (ఆ)కు "ప్రశ్న ఉత్పన్నం కాదు". ఆయన సభలో మండిపడ్డారు, అబద్ధం అన్నారు. కానీ ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎక్కడో రెండు కేంద్రాల్లో డాక్టర్లు ఉన్నారు కాబట్టి "లేని విషయం" వాస్తవం కాదు. మొదటి భాగం కూలిపోగానే రెండోది దానితోపాటే పోయింది. ఆయన బాధ నిజం. ఊళ్లలో జనం జ్వరాలతో పట్నం దాకా పోతున్నారు. ఆ బాధ మొత్తం "వాస్తవమేనా" అనే ఒక్క మాట దగ్గర జారిపోయింది. ఆ కాగితం నా బల్ల మీదుగానే వెళ్లింది. రూల్ ప్రకారం ఉందా లేదా అని చూడటమే నా పని కాబట్టి ఊరుకున్నాను. ఒక్క ఫోన్ చేసి ఆయనకు చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

నువ్వైతే అదే ప్రశ్న ఇలా రాయాలి: (అ) ఈ నియోజకవర్గంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు మంజూరైన డాక్టర్ పోస్టులు ఎన్ని, (ఆ) వాటిలో ఖాళీగా ఉన్నవి ఎన్ని, ఒక్కొక్కటి ఏ తేదీ నుంచి ఖాళీ, (ఇ) భర్తీకి ఏ తేదీన ఉత్తర్వులిచ్చారు. చూశావా, ఇక్కడ "కాదండి" అని తప్పించుకునే దారి లేదు. అంకెలు, తేదీలు చెప్పి తీరాలి. ఒక భాగం ఇంకో భాగం మీద ఆధారపడలేదు కాబట్టి ఒకటి పోయినా మిగతావి నిలబడతాయి. ప్రశ్నలో వాదన, నిందలు, ఎత్తిపొడుపులు ఉండకూడదు. ఒక ప్రశ్నలో ఒకే విషయం ఉండాలి. కోర్టులో నడుస్తున్న వ్యవహారం జోలికి పోకూడదు. వీటిని ఎవరో నీ నోరు కట్టేయడానికి పెట్టారనుకోకు. ప్రశ్న ఎంత పొడిగా ఉంటే జవాబు అంత సూటిగా వస్తుందని వేల ప్రశ్నలు చూసి తెలుసుకున్నాను.

అనుబంధ ప్రశ్నకు లేచినప్పుడు ఒక్కటే అడుగు. మూడు అడిగితే మంత్రి వాటిలో తేలికైన దానికి జవాబిచ్చి కూర్చుంటారు. పీఠికలు వద్దు. "అధ్యక్షా, 14 పోస్టులు ఖాళీ అన్నారు, ఏ నెలలోపు నింపుతారు?" అంతే చాలు. ఆయన "మూడు నెలల్లో నింపుతాం" అన్నారనుకో, ఆ మాట సభా కార్యకలాపాల రికార్డులోకి ఎక్కుతుంది. మంత్రులు సభలో ఇచ్చిన హామీలు అమలయ్యాయో లేదో చూడటానికి హామీల కమిటీ అని ఒకటుంది. దాని పేరు పేపర్లలో పెద్దగా కనిపించదు, చాలామంది సభ్యులు అటువైపు తొంగి కూడా చూడరు. నా దృష్టిలో సామాన్యుడికి అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చే కమిటీ అదే. సభ అయిన వారం లోపు ఆ రోజు రికార్డు ప్రతి తెప్పించుకో, మంత్రి అన్న వాక్యం కింద గీత గీయి, తేదీతో సహా ఫైలులో పెట్టుకో. మూడు నెలలు గడిచాక ఆ వాక్యాన్నే పట్టుకుని మళ్లీ ప్రశ్న ఇవ్వు.

ఇక్కడ నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. మిగతా పని ఆపి ఫలానా అత్యవసర విషయం చర్చించాలని పొద్దున్నే ఏదో ఒక పార్టీ వాయిదా తీర్మానం ఇస్తుంది, స్పీకర్ తిరస్కరిస్తారు, వెంటనే నినాదాలు, పోడియం దగ్గరికి పరుగులు. ప్రశ్నోత్తరాల సమయం కాస్తా కొట్టుకుపోతుంది. జవాబులు బల్ల మీద పెట్టినట్టు భావిస్తారు, అనుబంధ ప్రశ్నలు మాత్రం ఇక ఉండవు. ఎవరో ఒక సభ్యురాలు నెలరోజులు తిరిగి సమాచారం పోగుచేసి ఇచ్చిన ప్రశ్న అలా చచ్చిపోవడం ఎన్నిసార్లు చూశానో! నిజంగా ఆ రోజే మాట్లాడి తీరాల్సిన విపత్తు వస్తే వాయిదా తీర్మానం ఇవ్వాల్సిందే, దాని కోసమే ఆ రూల్ ఉంది. రోజూ ఇస్తే మాత్రం దాని విలువ పోతుంది. నీ పార్టీ వాళ్లు పోడియం వైపు నడుస్తుంటే నువ్వు సీట్లో కూర్చోవడం తేలిక కాదని నాకు తెలుసు. అందుకే ముందు రోజే మీ శాసనసభాపక్ష సమావేశంలో మాట్లాడు, రేపు జాబితాలో మన ప్రశ్న ఉంది, ఆ గంట వదలండి అని అడుగు.

ఊరి సమస్యలు క్లుప్తంగా లేవనెత్తే జీరో అవర్‌లో దొరికేది ఒకటి రెండు నిమిషాలు. ఊరి పేరు, సమస్య, కావలసిన పని, ఈ మూడూ చెప్పి కూర్చో.

బిల్లుల దగ్గర ఓపిక కావాలి. సమావేశాల చివరి రోజుల్లో బిల్లులు వరసగా వచ్చేస్తాయి. "అనుకూలురు అవును అనండి" అనగానే అందరితోపాటు అనేయడం అలవాటైపోతుంది. చట్టం చేయడానికే కదా నిన్ను పంపింది! బిల్లు చేతికి రాగానే ముందు చివర ఉండే ఉద్దేశాలు, కారణాల ప్రకటన చదువు. తర్వాత "నిర్దేశించిన విధంగా" అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతుకు. ఆ మాట ఉన్న ప్రతిచోటా అసలు సంగతి సభ చేతిలోంచి ప్రభుత్వం రాసే రూల్స్‌లోకి వెళ్తోందని అర్థం. ఫీజు ఎంత, గడువెంత, అప్పీలు ఎవరికి అనేవి అక్కడే దాక్కుని ఉంటాయి. సవరణ ఇవ్వాలంటే క్లాజు నంబరు, తీసేయాల్సిన మాటలు, వాటి బదులు పెట్టాల్సిన మాటలు స్పష్టంగా రాసి గడువులోపు ఇవ్వు. నోటితో అవును, కాదు అనే మూజువాణి ఓటు మీద అనుమానముంటే డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, అడగవచ్చు. అయితే విప్, అంటే ఇలాగే ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం, జారీ అయిన చోట జాగ్రత్త. పార్టీ ఫిరాయింపులను ఆపడానికి 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్‌కు వ్యతిరేకంగా ఓటు వేసినా, ఓటింగ్‌కు రాకపోయినా, 15 రోజుల్లోపు పార్టీ క్షమించకపోతే సభ్యత్వానికే ముప్పు. నీకు అభ్యంతరం ఉంటే విప్ రాకముందే పార్టీలో గట్టిగా చెప్పు.

బడ్జెట్ సమావేశాల్లో అందరూ సాధారణ చర్చలో మాట్లాడాలని పోటీపడతారు. నువ్వు పద్దుల మీద దృష్టి పెట్టు. శాఖల వారీగా డబ్బు అడిగేది అక్కడే. ఒక పద్దులోంచి 100 రూపాయలు తగ్గించాలని కోత తీర్మానం ఇచ్చావంటే ఆ 100 కోసం కాదు, ఫలానా వంతెన ఎందుకు ఆగిందో ఆ మంత్రి చెప్పాలని. చివరి రోజు మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండానే ఓటుకు పెట్టి గిలెటిన్ చేసేస్తారు కాబట్టి, నీకు కావలసిన శాఖ ఏ రోజు వస్తుందో బీఏసీ (సభా వ్యవహారాల సలహా సంఘం) నిర్ణయించగానే చూసుకో. ఖర్చుకు అనుమతినిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందితే తప్ప సంచిత నిధి, అంటే రాష్ట్ర ఖజానా, నుంచి ప్రభుత్వం రూపాయి తీయలేదు. మీ ఓటుకు ఉన్న అసలు బరువు అది.

కొన్ని చిన్న సంగతులు ఉన్నాయి. స్పీకర్ లేచి నిలబడితే నువ్వు కూర్చోవాలి. మాట్లాడుతున్న సభ్యుడికీ స్పీకర్‌కూ మధ్య నుంచి నడవకు. ఎవరికి జవాబిచ్చినా "అధ్యక్షా" అనే మొదలుపెట్టు. ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ మాట్లాడితే అది తగువవుతుంది, అధ్యక్ష స్థానం వైపు తిరిగితే కోపం దానంతటదే తగ్గుతుంది. 175 మంది ఉన్న సభ నడవాలంటే కనీసం ఉండాల్సిన సంఖ్య, అంటే కోరం, 18 మంది. మధ్యాహ్నం తర్వాత ఆ 18 కోసం బెల్లు మోగించాల్సిన రోజులు నేను చూశాను, ఆ 18 మందిలో నువ్వుండు. అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చని 190వ అధికరణ చెబుతోంది.

సభలో అన్న మాట మీద నిన్ను ఏ కోర్టుకూ లాగలేరు. 194వ అధికరణ ఇచ్చిన ఆ రక్షణ బయట ఉన్నవాడికి లేదు. సభలో లేని మనిషి మీద ఆరోపణ చేస్తే అక్కడికి వచ్చి జవాబు చెప్పుకునే అవకాశం అతనికి ఉండదు. అందుకని ముందుగా నోటీసు ఇచ్చి, ఆధారం చేతిలో పెట్టుకునే పేరు ఎత్తు. హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీలు విధి నిర్వహణలో ఎలా నడుచుకున్నారన్న చర్చ సభలో అసలే కూడదు, అది 211వ అధికరణ.

లైబ్రరీకి వెళ్లు. పాత చర్చల సంపుటాలు అక్కడుంటాయి. మన ఊరి కాలువ గురించి నీకన్నా ముందు వాళ్లు ఏమడిగారో, ఏ మంత్రి ఏమన్నారో చదివాకే నీ ప్రశ్న రాయి. ప్రశ్నల విభాగంలోని పిల్లలతో మర్యాదగా ఉండు. రాత్రి పది దాకా కూర్చుని మీ నోటీసులు సరిచేసేది వాళ్లే.

గొంతు వణుకుతుందని భయపడ్డావు కదా, మొదటిసారి వణుకుతుంది. చేతిలో ఖాళీ పోస్టుల లెక్క ఉంటే రెండో వాక్యానికి సర్దుకుంటుంది.

ఈ ఆదివారం లోపు ఐదు ప్రశ్నలు రాసి నాకు పంపు. చేత్తో రాసినా పర్వాలేదు, పక్కన మార్జిన్ మాత్రం బాగా వదులు. నా ఎర్ర పెన్సిల్ ఇంకా ఉంది.

మీ మామయ్య