అమ్మానాన్న ఆన్ ఆర్బర్ వస్తున్నారా? ముందు ఊరు చూపించండి

శివరాత్రికి హన్మకొండ వచ్చాను. నయీంనగర్‌లో మా అమ్మ వాళ్ల ఎదురింటి అక్క, బావగారు మే నెలలో మొదటిసారి అమెరికా వెళ్తున్నారు. వాళ్లబ్బాయి మిషిగన్ యూనివర్సిటీలో ఎంఎస్ పూర్తి చేస్తున్నాడు. ఇరవై రెండేళ్లుగా నేనుండేదీ ఆ ఊళ్లోనే, ఆన్ ఆర్బర్‌లో. అక్క టీ గ్లాసు పక్కన పెట్టి ఒకే మాట అడిగింది: "నెలన్నర రోజులు ఆడ ఏం జేయాలె చెల్లే?"

ఆ రాత్రి వీడియో కాల్‌లో అబ్బాయిని అడిగాను. ప్లాన్ రెడీగా ఉంది. న్యూయార్క్ మూడు రోజులు, వాషింగ్టన్ రెండు రోజులు, తర్వాత నయాగరా, చికాగో. "మిగతా నెల?" అన్నాను. "ఇంట్లో రెస్ట్ తీసుకుంటారు పిన్నీ. ఈ ఊళ్లో చూడ్డానికేముంది?" అన్నాడు.

ఈ మాట నేను ఏటా వింటున్నాను. రెండేళ్లు అపార్ట్‌మెంటు, ల్యాబు, ఇండియన్ స్టోరు మధ్యే తిరిగిన పిల్లలకు ఊరు తెలియకపోవడంలో వింత లేదు. కానీ రెండు విమానాలు మారి, మోకాళ్ల నొప్పులతో వచ్చిన పెద్దవాళ్లను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి ల్యాబ్‌కు వెళ్లిపోతే నా మనసు ఒప్పుకోదు. అందుకే ఈ ఏడాది తల్లిదండ్రులను పిలిపించుకుంటున్న మన పిల్లలందరి కోసం ఇది రాస్తున్నాను.

అమెరికాలో చాలా ఊళ్లలో కారు లేకపోతే గడప దాటలేం. కొడుకింటికో కూతురింటికో వెళ్లొచ్చిన పెద్దవాళ్లు "జైల్లో ఉన్నట్టుండె" అనడం వరంగల్‌లో ఏ కాలనీలో అడిగినా వినిపిస్తుంది. కాలేజీ ఊరికి ఆ బాధ తక్కువ. కార్లు లేని పిల్లలు వేల మంది ఉంటారు కాబట్టి ఫుట్‌పాత్‌లు, బస్సులు, బెంచీలు, లైబ్రరీలు అన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. యూనివర్సిటీ నీలం బస్సులకు టికెట్ కూడా లేదు. మొదటి వారంలో చేయాల్సిన పని ఒక్కటే. మీరు తోడు లేకుండా వాళ్లిద్దరూ వెళ్లి రాగలిగే దారి ఒకటి నేర్పండి. రెండుసార్లు మీరు వెంట వెళ్లండి, మూడోసారి వెనక నడవండి, నాలుగోసారి ఇంట్లో ఉండండి. ఇంటి అడ్రసు, మీ నంబరు ఇంగ్లిషులో రాసిన చీటీ వాళ్ల జేబులో ఉండాలి.

మా నాన్నకు నేను నేర్పిన దారి చెబుతాను. స్టేట్ స్ట్రీట్‌లో బస్సు దిగడం, మిషిగన్ యూనియన్ అనే విద్యార్థుల భవనం మెట్ల దగ్గర ఆగడం. 1960 అక్టోబర్ 14న తెల్లవారుజామున రెండు గంటలకు, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న కెనడీ ఆ మెట్ల మీద నిలబడే విద్యార్థులతో మాట్లాడాడు. అమెరికా యువత వేరే దేశాలకు వెళ్లి సేవ చేసే పీస్ కోర్ ఆలోచనకు అక్కడే నాంది పడింది. అక్కడో ఫలకం ఉంటుంది. కెనడీ పేరు రేడియోలో విన్న తరం కాబట్టి మా నాన్న దాన్ని పూర్తిగా చదివి, మళ్లీ చదివాడు. అక్కడి నుంచి డయాగ్. పిల్లలు గడ్డి మీద పడుకుని చదువుకునే పెద్ద మైదానం అది. మధ్యలో నేలలో బిగించిన ఇత్తడి 'ఎం' అక్షరం ఉంటుంది. మొదటి పరీక్ష రాయకముందు దాన్ని తొక్కితే ఫెయిలవుతారని అక్కడి పిల్లల నమ్మకం. ఈ మాట చెప్పినప్పటి నుంచి నాన్న దాన్ని పక్కనుంచి చుట్టి వెళ్లేవాడు, పరీక్షలు తనవి కాకపోయినా. పక్కనే 1936 నాటి బర్టన్ టవర్. పైన యాభైకి పైగా గంటలున్నాయి, మనిషి కూర్చుని వాయిస్తే పాటలు వినిపిస్తాయి.

దారిలో ఆఖరిది కెల్సీ మ్యూజియం. చిన్నది, ఉచితం, సోమవారం సెలవు. ఈజిప్టు నుంచి తెచ్చిన రంగుల శవపేటిక ఒకటుంది అక్కడ. మా నాన్న రిటైర్డ్ టీచరు. ఓరుగల్లు కోటలో పడి ఉన్న ఒక్కో రాయి ముందు పిల్లలను నిలబెట్టి పాఠం చెప్పిన మనిషి. ఆ పేటిక చూడ్డానికి నెలలో నాలుగుసార్లు ఒంటరిగా వెళ్లాడు. నాలుగోసారి సెక్యూరిటీ ఆయన పేరు పెట్టి పలకరించాడట. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన నాన్న ముఖం నాకింకా గుర్తుంది. అంతకుముందు వారం తీసుకెళ్లిన చికాగో గురించి మాత్రం ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

పెద్ద ఆర్ట్ మ్యూజియం, ఏనుగు లాంటి పాతకాలపు జంతువు మాస్టడాన్ అస్థిపంజరాలు రెండున్న నేచురల్ హిస్టరీ మ్యూజియం కూడా నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉన్నాయి. వాటికీ టికెట్ లేదు. పొద్దున వాకింగ్ అలవాటున్న వాళ్లకు హ్యూరన్ నది ఒడ్డున గాలప్ పార్కు బాగుంటుంది. దారి చదునుగా ఉంటుంది, నీళ్లు పక్కనే. మా భద్రకాళి చెరువు బండ్ మీద నడిచే వాళ్లకు వెంటనే నచ్చుతుంది.

ఇక తిండి. శనివారం పొద్దున కెర్రీటౌన్ ఫార్మర్స్ మార్కెట్‌తో మొదలుపెట్టండి. 1919 నుంచి నడుస్తోంది. మే నుంచి డిసెంబర్ దాకా బుధవారం, శనివారం, చలికాలంలో శనివారం మాత్రమే. పెద్దవాళ్లకు అక్కడ భాష పెద్ద ఇబ్బంది కాదు, కూరగాయను చేతిలోకి తీసుకుంటే బేరం సగం అయినట్టే. మా అమ్మ మొదటిసారి వెళ్లింది మే నెలలో. ఒక బల్ల మీద ఎర్రటి కాడలు కట్టలుగా పేర్చి ఉన్నాయి. రూబార్బ్. చూడ్డానికి ఎర్ర తోటకూర కాడల్లా ఉంటాయి కానీ వేలంత లావు. అమ్మ ఒక కట్ట కొంది, కాడ చివర తుంచి నాలుక మీద పెట్టుకుంది. కన్ను చికిలించి, "చుక్కకూర పులుపే గదనే ఇది" అంది. నిజమే, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. ఆ మధ్యాహ్నం కందిపప్పులో ఆ ముక్కలు వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టింది. మా ఇంట్లో అప్పటి నుంచి మే నెలంటే రూబార్బ్ పప్పే. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: కాడ మాత్రమే వాడాలి, ఆకు విషం. మనవాళ్లకు ఆకు పారేయాలంటే ప్రాణం ఒప్పదు కాబట్టి ముందే చెప్పండి. జూన్‌లో స్ట్రాబెర్రీలు, జులైలో పుల్ల చెర్రీలు వస్తాయి. ఆ చెర్రీలతో పులిహోర కూడా చేసుకోవచ్చు.

ఊళ్లో అందరూ చెప్పే పేరు జింగర్‌మన్స్ డెలి, శాండ్‌విచ్‌ల దుకాణం. 1982లో పెట్టారు, మార్కెట్ పక్కనే. అక్కడ పేరున్న శాండ్‌విచ్‌లలో ఎక్కువగా బీఫ్ ఉంటుంది. కార్న్డ్ బీఫ్, పాస్ట్రామీ అనే మాటలు తెలియక ఇబ్బంది పడిన పెద్దవాళ్లను చూశాను. తినని వాళ్లుంటే ఆర్డర్ మీరే ఇవ్వండి. వెజిటేరియన్ వాళ్లకు బ్రెడ్డు, చీజు ఉన్నాయి, బ్రెడ్డు నిజంగా బాగుంటుంది. మా ఇంటికి వచ్చే పెద్దవాళ్లను నేను ముందు ఫలాఫెల్‌కు తీసుకెళ్తాను. శనగలు నానబెట్టి రుబ్బి, కొత్తిమీర వేసి నూనెలో వేయించినది కదా, గారె అనుకుని ధైర్యంగా తింటారు. అరబ్బులు ఎక్కువగా ఉండే డియర్‌బార్న్ దగ్గరే కాబట్టి ఈ వంట ఇక్కడ బాగా కుదురుతుంది.

మే చివర్లో, జూన్ మొదట్లో ఉన్నవాళ్లు నికల్స్ ఆర్బొరేటం వెళ్లకుండా రాకండి. యూనివర్సిటీ వాళ్ల చెట్ల తోట అది. అందులో 1927లో ప్రజలకు తెరిచిన పియొనీ తోట ఉంది. గిన్నెంత పూలు, తెలుపు, గులాబీ, ముదురు ఎరుపు, వరసలు వరసలుగా వేలల్లో. రెండు మూడు వారాలే ఉంటాయి, గట్టి వాన పడితే వాలిపోతాయి. అమ్మను తీసుకెళ్లిన రోజు ఆమె చెయ్యి తెలియకుండానే ఒక తెల్ల పువ్వు దాకా వెళ్లింది. హన్మకొండలో పొద్దున్నే పూజకు పూలు కోసుకొచ్చే చెయ్యి అది. "కోయొద్దమ్మా" అన్నాను మెల్లగా. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు, పువ్వు కింద దోసిలి పెట్టి కాసేపు అలాగే నిలబడింది. మర్నాడు శనివారం మార్కెట్లో అవే పూలు ఒక గుత్తి కొనిచ్చాను. దేవుడి అరలో పట్టలేదు, పక్కన చెంబులో పెట్టి పూజ చేసుకుంది.

గ్రాడ్యుయేషన్ గురించి అక్క కన్నా అబ్బాయికే ఎక్కువ టెన్షన్ ఉంది. మొత్తం యూనివర్సిటీకి కలిపి స్టేడియంలో జరిగే పెద్ద సభ వేరు, మీ కాలేజీ వాళ్లు పెట్టుకునే సభ వేరు. పేరు పిలిచి వేదిక ఎక్కించేది సాధారణంగా రెండో దాంట్లో. ఒక్క దానికే ఓపిక ఉంటే అమ్మానాన్నను దానికే తీసుకెళ్లండి. స్టేడియంలో 1,07,601 మంది పడతారు. బయటి నుంచి చూస్తే అంత పెద్దదనిపించదు, ఎక్కువ భాగం నేల మట్టానికి కిందే ఉంది కాబట్టి. అంటే లోపలికి వెళ్లాక మెట్లు దిగాలి, తర్వాత ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లను ద్వారానికి దగ్గరగా పై వరసల్లోనే కూర్చోబెట్టండి. పైకప్పు లేదు. మే మొదట్లో పొద్దున పూట చలి గట్టిగా ఉంటుంది, పట్టుచీర మీదికి స్వెట్టరు, శాలువా రెండూ కావాలి. సంచుల విషయంలో కట్టుదిట్టం ఎక్కువ, సూచనలు ముందే చదువుకోండి.

సెప్టెంబర్, అక్టోబర్‌లో పిలిపించుకునే వాళ్లు టికెట్ కొనేముందు ఫుట్‌బాల్ షెడ్యూల్ చూడండి. నేను చూడలేదు. మా వాళ్లు ఒకసారి వచ్చింది సరిగ్గా మ్యాచ్ ఉన్న శనివారం మధ్యాహ్నం. ఎయిర్‌పోర్టు నుంచి అరగంట దారి, రెండు గంటలు పట్టింది. ఒక రోజుకు పైగా ప్రయాణం చేసి వచ్చిన నాన్న బాత్రూం అవసరమై కార్లో పళ్లు బిగించుకుని కూర్చున్నాడు. ఆ శని ఆదివారాల్లో హోటల్ గదుల రేట్లు రెండింతలు, మూడింతలు అవుతాయి. అదే మ్యాచ్‌ను ముందే తెలుసుకుని ఉంటే పండగలా చూపించొచ్చు. టికెట్ కొనక్కర్లేదు. యూనివర్సిటీ బ్యాండు డప్పులు, బాకాలతో స్టేడియం దాకా నడిచి వెళ్తుంది, దారి పక్కన నిలబడితే చాలు. వరంగల్ ఆర్ఈసీలో (ఇప్పటి ఎన్ఐటీ) స్ప్రింగ్‌స్ప్రీ కాలేజీ పండగ రోజుల్లో కాజీపేట రోడ్డు గుర్తొస్తుంది నాకు.

ఆ కాలంలోనే డెక్స్‌టర్ వెళ్లి 1886 నుంచి నడుస్తున్న సైడర్ మిల్లు చూడండి. సైడర్ అనగానే పెద్దవాళ్లు మందేమో అని గ్లాసు ముట్టరు. అది వడకట్టని యాపిల్ రసం, అంతే. వేడివేడి డోనట్లతో తాగుతారు.

బతుకమ్మ కూడా ఆ రోజుల్లోనే. తంగేడు దొరకదని దిగులు పడకండి. మార్కెట్లో పూలమ్మే వాళ్ల దగ్గర సెలోసియా అని అడగండి. మన గునుగు, పట్టుకుచ్చు పూల జాతే అది. బంతిపూలు ఉండనే ఉంటాయి. పసుపు రంగు కోసం గోల్డెన్‌రాడ్ పూలు వాడుకుంటాం, తెలిసిన వాళ్ల పెరట్లోంచి అడిగి కోసుకోవాలి, పార్కుల్లో కోయకూడదు. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు సంఘాలు బతుకమ్మ ఆడిస్తాయి. గుడికి వెళ్లాలంటే కాంటన్‌లో ఒకటుంది, నోవైలో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. ఇవి మాత్రం కారులోనే.

జులైలో ఉంటే మూడు రోజుల ఆర్ట్ ఫెయిర్, 1960లో మొదలైంది. వీధులన్నీ మూసి దుకాణాలు పెడతారు. వరంగల్ కొత్తవాడ మగ్గాల మధ్య పెరిగిన మా అత్తమ్మ అక్కడ ఒక చాప నేతను తిరగేసి, వెనక ముడులు చూసి, నేసినావిడకు చేతులతోనే తన పద్ధతి చూపించింది. ఇద్దరూ అరగంట కూర్చున్నారు. డిసెంబర్‌లో మాత్రం పిలవకండి. పిల్లలు వెళ్లిపోయి ఊరు ఖాళీ అవుతుంది, ఐదింటికే చీకటి, ఫుట్‌పాత్ మీద మంచు గడ్డకట్టి జారుతుంది.

నయాగరా వద్దని నేననను. కానీ ఫోన్లో మ్యాప్ పెడితే దగ్గరి దారి కెనడా మీదుగా చూపిస్తుంది. ఇండియన్ పాస్‌పోర్టు, అమెరికా విజిటర్ వీసా ఉన్నవాళ్లకు కెనడా వీసా విడిగా కావాలి. అది లేకపోతే ఒహాయో మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. ఒక్క రోజు ట్రిప్పే చేయగలిగితే నేనైతే డియర్‌బార్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి తీసుకెళ్తాను. 1955లో రోజా పార్క్స్ సీటు వదలనన్న బస్సు అక్కడే ఉంది. లోపలికి ఎక్కి కూర్చోవచ్చు.

ఇదంతా అబ్బాయికి ఫోన్లో చెప్పాను. న్యూయార్క్ ఉంచుకున్నాడు, చికాగో తీసేశాడు. అక్క మళ్లీ సాయంత్రం వచ్చి సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలని అడిగింది. సకినాలు, కారం ఎలాగూ పెట్టుకుంటుంది. బూట్లు ఇక్కడే కొనుక్కోమన్నాను. కొత్త బూట్లతో అక్కడ దిగితే మొదటి రోజే కాళ్లు బొబ్బలెక్కుతాయి. మర్నాడు ఆరు గంటలకు పాలప్యాకెట్ కోసం గేటు తీస్తే ఎదురింట్లో అక్క మెట్ల మీద కూర్చుని లేసులు కట్టుకుంటోంది. బావగారు అప్పటికే గేటు బయట ఉన్నారు, భద్రకాళి బండ్‌కు.