కొట్టిన వీడియో నా దగ్గర ఉంది, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. దక్షిణ కొరియాలో ఎమ్మెస్ చదువుతున్నాను. నేను ప్రాణంగా అభిమానించే గర్ల్ గ్రూపులో అందరికన్నా చిన్నమ్మాయిని ఆమె మేనేజర్ ఫైలుతో తలమీద కొట్టి, బ్యాగు పట్టి లాగి వ్యాన్‌లోకి నెట్టాడు. తెల్లవారుజామున టీవీ స్టూడియో వెనక గేటు బయట నిలబడి అదంతా ఫోన్‌లో తీశాను. దెబ్బ తిన్నాక కూడా మమ్మల్ని చూసి ఆ పిల్ల నవ్వబోయింది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు, అన్నం సయించడం లేదు. వీడియోకి పాట కలిపి, కింద అక్షరాలు వేసి ఎక్స్‌లో పెడితే లక్షల మంది చూశారు. ఫోన్‌లో చోటు చాలక అసలు వీడియో తీసేశాను. ఆ గ్రూపుని నడిపే ఏజెన్సీ మాత్రం అదంతా సరదాకి అంటోంది. నినాదాలు రాసిన ట్రక్కుని ఏజెన్సీ ముందు తిప్పే ట్రక్కు నిరసన కోసం హైదరాబాద్, విజయవాడ ఫ్యాన్స్ నా ఖాతాకి డబ్బు వేస్తున్నారు. బొమ్మలో వాయిస్ రికార్డర్ కుట్టి ఆ పిల్లకి గిఫ్టుగా పంపుదామని మా గ్రూపులో ఒకరు అంటున్నారు. మేనేజర్ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు కూడా దొరికాయి. తెలంగాణ హైకోర్టులో పిల్ వేయొచ్చా? లేదంటే కొరియాలో కేసు పెట్టే హక్కు నాకు ఉందా?
– ఒక అభిమాని

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల్లో ఆ అమ్మాయి నవ్వు గురించే ఒక పేజీ ఉంది. ఆమె పుట్టిన తేదీ ఎక్కడా లేదు. వీడియో తీసిన తేదీ కూడా లేదు. ఈ కేసు నిలబడేదీ పడిపోయేదీ ఆ రెండు తేదీల మీదే.

వీడియో తీసిన రోజుకి ఆమెకి 18 ఏళ్లు నిండలేదనుకుందాం. అప్పుడామె కొరియా బాలల సంక్షేమ చట్టం ప్రకారం బాలిక. ఆ చట్టంలో సంరక్షకులంటే తల్లిదండ్రులు మాత్రమే కాదు, ఉద్యోగరీత్యా పిల్లల్ని తన అదుపాజ్ఞల్లో ఉంచుకునే మనిషి కూడా. మేనేజర్ అందులోకి వస్తాడు. బాలలపై హింస జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పొచ్చు. బంధుత్వం అక్కర్లేదు, పౌరసత్వం అక్కర్లేదు, ఆ పిల్ల సంతకం అక్కర్లేదు. నాకు హక్కుందా అన్న మీ ప్రశ్నకి ఇదే జవాబు.

అదే ఆమెకి 18 నిండి ఉంటే దారి చాలా ఇరుకు. కొరియాలో మామూలు దెబ్బల కేసు, బాధితురాలు వద్దంటే ముందుకి సాగదు. కాంట్రాక్టు చేతిలో ఇరుక్కున్న అమ్మాయి వద్దనకుండా ఉంటుందా? ఇక కార్మిక చట్టం ఉంది కదా అంటారేమో. న్యూజీన్స్ అనే కొరియా గర్ల్ గ్రూపు విషయంలో ఫ్యాన్స్ చేసింది అదే. ఆ గ్రూపులోని హన్నీని పనిచోట వేధించారని కార్మిక శాఖకి ఫిర్యాదు చేశారు. 2024 అక్టోబర్ 15న హన్నీ స్వయంగా పార్లమెంటు కమిటీ ముందు కన్నీళ్లతో మాట్లాడింది. నవంబర్‌లో కార్మిక శాఖ ఆ ఫిర్యాదుని మూసేసింది. ఆమె కంపెనీతో ఒప్పందం చేసుకున్న కళాకారిణే గానీ చట్టం చెప్పే కార్మికురాలు కాదు, కాబట్టి ఆ చట్టం వర్తించదు అంది. ఆ నిర్ణయం నాకు నచ్చలేదు. కానీ ఇవాళ మీ ముందున్న పరిస్థితి అది.

బాలల చట్టం దారి పట్టిన కేసు ఎక్కడికి చేరిందో కూడా చూడండి. 2018 అక్టోబర్‌లో ‘ద ఈస్ట్‌లైట్’ అనే కుర్రాళ్ల బ్యాండ్ డ్రమ్మర్ విలేకరుల ముందుకొచ్చి, అదే బ్యాండ్‌లో ఉన్న తన తమ్ముణ్ణీ తననూ ప్రొడ్యూసర్ ఏళ్లతరబడి బేస్‌బాల్ బ్యాటుతో కొట్టాడని చెప్పాడు. కింది కోర్టు ప్రొడ్యూసర్‌కి 2 ఏళ్ల జైలు వేసింది. పై కోర్టు దాన్ని 1 ఏడాది 4 నెలలకి తగ్గించింది, 2020లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. చూసీ చూడనట్టు ఊరుకున్న ఏజెన్సీ అధినేతకీ శిక్ష పడింది, ఏజెన్సీకి జరిమానా పడింది. అక్కడ పనిచేసింది బాలల సంక్షేమ చట్టమే.

అందుకే ముందు పుట్టిన తేదీ సంపాదించండి. ఫ్యాన్స్ రాసుకునే పేజీల్లోది వద్దు, ఏజెన్సీ అధికారికంగా ఇచ్చిన ప్రొఫైల్లోది కావాలి. కొరియా వాళ్ల పాత లెక్కలో పుట్టగానే ఒక ఏడు, జనవరి 1 రాగానే ఇంకో ఏడు కలిసేవి. 2023 జూన్ 28 నుంచి చట్టం మన లెక్కకి వచ్చింది గానీ జనం నోట ఇంకా పాత లెక్కే తిరుగుతోంది. ఆమెకి 18 అని మీ గ్రూపులో అనుకుంటున్నది నిజానికి 16 కావచ్చు.

ఇప్పుడు మీరు చేసిన తప్పు. అసలు వీడియో తీసేయడం ఏమిటమ్మా? ఫోన్‌లో చోటు కావాలంటే పాటలు తీసేయాలి, సినిమాలు తీసేయాలి. కోర్టుకి పనికొచ్చేది ఆ ఒక్క ఫైలు. ఏ రోజు, ఏ క్షణాన, ఏ ఫోన్‌తో తీశారో దాని లోపలే రాసి ఉంటుంది. మీరు పాట కలిపిన క్లిప్‌లో దెబ్బ పడిన చప్పుడు వినిపించదు, మేనేజర్ అన్న మాట వినిపించదు. ముందూ వెనకా కత్తిరించారు కాబట్టి అది సరదా అన్న ఏజెన్సీ వాదనకి మీరే బలమిచ్చారు. లక్షల మంది చూశారన్నది సాక్ష్యం కాదు.

ఇది చదువుతున్న నిమిషంలోనే ఫోన్ గ్యాలరీలో చెత్తబుట్ట తెరవండి. ఐఫోన్‌లో తీసేసినవి 30 రోజుల వరకు ఉంటాయి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయి ఉంటే 60 రోజులు. కొరియా మెసేజింగ్ యాప్ కాకావ్‌టాక్‌లో ఎవరికైనా పంపి ఉంటే అది కుదించిన కాపీ, అయినా లేనిదానికన్నా మేలు. వీడియో దొరికితే ముట్టుకోకుండా రెండుచోట్ల దాచండి. ఆ ఫోన్ అమ్మొద్దు, మార్చొద్దు, రీసెట్ చేయొద్దు. దొరకకపోతే ఇంక ఆ ఫోన్‌తో ఏమీ తీయకుండా పోలీసులకే అప్పగించండి, వాళ్ల ల్యాబ్ వెలికితీయగలదేమో చూస్తుంది. ఆ తెల్లవారుజామున మీ పక్కన నిలబడ్డ వాళ్లెవరు? వాళ్ల ఫోన్లలో ఇంకో కోణంలో ఉండొచ్చు. వాళ్ల పేర్లు ఇవాళే రాసి పెట్టుకోండి.

కాలపరిమితి చట్టంలో ఒకటి, యంత్రంలో ఒకటి. చట్టం ఉదారంగానే ఉంది. బాలలపై హింస కేసులో గడువు లెక్క ఆ పిల్ల మేజర్ అయ్యాకే, అంటే కొరియాలో 19 నిండాకే మొదలవుతుంది. బాలల సంక్షేమ చట్టం కింద శారీరక హింసకి అక్కడి నుంచి 7 ఏళ్లు. మామూలు దెబ్బల కేసైతే ఘటన రోజు నుంచి 5 ఏళ్లే. కానీ స్టూడియో గేటు సీసీటీవీ అన్నేళ్లు ఆగదు. అక్కడ సాధారణంగా 30 రోజులకే పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. హన్నీ విషయంలో దెబ్బతిన్నది ఇక్కడే. నడవాలో ఒక మేనేజర్ తనని పట్టించుకోవద్దని ఇతరులకి చెప్పిందని ఆమె ఆరోపణ. సీసీటీవీలో కొన్ని సెకన్ల దృశ్యమే మిగిలింది, మాట వినిపించే ఆధారం లేదు. 2025 మార్చిలో సియోల్ కోర్టు ఆ ఆరోపణకి ఆధారాలు చాలవంది. స్టూడియో వాళ్లు మీరు అడిగితే ఇవ్వరు, పోలీసులు అడిగితే ఇస్తారు. కాబట్టి ఫిర్యాదులో మొదటి వాక్యమే ఆ సీసీటీవీని భద్రపరచమని ఉండాలి.

బొమ్మలో రికార్డర్ మాట. వద్దు. ఆ మాట అన్న మనిషిని గ్రూపులోంచి పంపేయండి. ఇతరులు తమలో తాము మాట్లాడుకునేది చాటుగా రికార్డు చేయడం కొరియా కమ్యూనికేషన్ల గోప్యత చట్టం కింద నేరం. శిక్ష 1 ఏడాది నుంచి 10 ఏళ్ల జైలు, జరిమానాతో బయటపడే వీలు లేదు. పోనీ ఆ రికార్డు పనికొస్తుందా అంటే అదీ లేదు. బడిలో టీచర్ తిడుతోందని అనుమానించి ఒక తల్లి పిల్లాడి సంచిలో రికార్డర్ పెట్టి పంపింది. కన్నతల్లి, సొంత బిడ్డ. అయినా ఆ రికార్డు సాక్ష్యంగా చెల్లదని 2024 జనవరిలో కొరియా సుప్రీంకోర్టు తేల్చింది. తల్లికి ఇవ్వని మినహాయింపు అభిమానికి ఇస్తారా? మీరు జైలుకి, మీ వీసా చెత్తబుట్టకి, ఏజెన్సీ బాధితుల స్థానంలోకి వెళ్లడం తప్ప ఆ పిల్లకి ఒరిగేది లేదు. మీ వీడియో వేరు. మీరు బయట నిలబడి కళ్లెదుట జరిగింది తీశారు.

మేనేజర్ నంబరు, అడ్రసు ఎవరికీ పంపకుండా చెరిపేయండి. కొరియాలో నిజం చెప్పినా పరువు నష్టం నేరమే కావచ్చు. ఇంటర్నెట్‌లో కించపరిచే ఉద్దేశంతో రాస్తే నిజానికి 3 ఏళ్లు, అబద్ధానికి 7 ఏళ్ల వరకు జైలు. ప్రజాప్రయోజనం కోసమని వాదించుకోవచ్చు గానీ ఇంటి అడ్రసు పెట్టడంలో ప్రజాప్రయోజనం ఏముంది? పేరు లేని అకౌంటు కదా అనుకోకండి. ఐడల్స్ మీద, అంటే కొరియా పాప్ తారల మీద, పుకార్లు అమ్ముకున్న ‘సోజాంగ్’ అనే యూట్యూబ్ ఛానల్ నడిపిన మనిషి వివరాలు అమెరికా కోర్టు ద్వారా గూగుల్ నుంచి రప్పించారు. 2025 జనవరిలో ఇంచియోన్ కోర్టు 2 ఏళ్ల జైలు విధించి, అమలు వాయిదా వేసి, 21 కోట్ల వోన్లు జప్తు చేయమంది.

తెలంగాణ హైకోర్టులో పిల్ మొదటి వాయిదాకే పోతుంది. నేరం కొరియాలో, చేసింది కొరియా మనిషి, బాధితురాలూ అక్కడే. మన కోర్టుకి పరిధి లేదు. అయితే భారతీయ న్యాయ సంహిత 1(5), నాగరిక సురక్షా సంహిత 208 సెక్షన్ల ప్రకారం విదేశంలో భారతీయ పౌరులు చేసిన నేరానికి ఇక్కడా విచారణ జరగొచ్చు, కేంద్రం అనుమతి ఉంటే చాలు. అంటే మన చట్టం చెయ్యి ఆ మేనేజర్ దాకా చాచదు గానీ మీ దాకా చాస్తుంది.

ట్రక్కు నిరసనకి నేను వ్యతిరేకం కాదు. 2022 అక్టోబర్‌లో లాస్ ఏంజెలస్‌లో ఒమేగా ఎక్స్ అనే కొరియా బాయ్ గ్రూపు కుర్రాళ్ల మీద సొంత ఏజెన్సీ పెద్దలే అరుస్తున్నప్పుడు, ఒక అభిమాని రికార్డు చేసి బయటపెట్టబట్టే ప్రపంచానికి తెలిసింది. అపార్థాలన్నీ తొలగిపోయాయని అప్పుడూ ఏజెన్సీ ప్రకటన ఇచ్చింది. అభిమానుల అరుపు లేకపోతే ఆ ప్రకటనతోనే కథ ముగిసేది. కానీ మీ ట్రక్కు పోలీసు ఫిర్యాదు తర్వాతే కదలాలి. దాని మీద ‘విచారణ జరపాలి’ అని ఉండాలి, మనిషి పేరు, ‘నేరస్థుడు’ అన్న మాట ఉండకూడదు. వసూలైన డబ్బుకి ప్రతి రూపాయీ ఎవరిదో రాసిపెట్టి గ్రూపులో చూపించండి. ఇప్పటిదాకా రాయలేదంటే అది నిర్లక్ష్యం. రేపు ఎవరో ఒకరు మోసం అని మీ మీదే కేసు పెడతారు.

చేయాల్సింది: కొరియా పోలీసుల నంబరు 112కి ఫోన్ చేసి బాలలపై హింస అని చెప్పండి. కొరియన్ రాకపోతే విదేశీయుల సహాయ నంబరు 1345లో భాష సాయం దొరుకుతుంది. తేదీ, సమయం, చోటు, మీరు కళ్లతో చూసింది మాత్రమే చెప్పండి. దానికి ముందు 132లో ఉచిత న్యాయ సలహా తీసుకోండి, లేదా అక్కడి లాయర్ని కలవండి. కొరియా చట్టం అక్కడ ప్రాక్టీసు చేసేవాళ్లే ఖాయంగా చెప్పగలరు. ఎక్స్‌లోని క్లిప్ ఇప్పుడు చెరిపేయకండి, ఏది ఎప్పుడు పెట్టారో పోలీసులకి దాచకుండా చెప్పండి.

ఆ తర్వాత కేసు మీది కాదు, ఆ అమ్మాయిది. బాలలపై హింస కేసులో బాధితురాలికి ప్రభుత్వమే లాయర్ని పెడుతుంది. కాంట్రాక్టు ఆపమని అడగాల్సింది ఆమె, ఆమె తల్లిదండ్రులు. ఒమేగా ఎక్స్ 11 మంది అలా తామే కోర్టుకెక్కారు, 2023 జనవరిలో సియోల్ కోర్టు వాళ్ల కాంట్రాక్టు అమలుని నిలిపేసింది. ఆమె ఇప్పుడే నోరు విప్పకపోవచ్చు, కొట్టలేదని కూడా చెప్పొచ్చు. అలా చెప్పిందని మీ ఫ్యాన్స్ ఆమె మీద పడొద్దు. ఆమెకి గడువు ఉంది.