బిట్‌కాయిన్ సంగతి నలుగురికీ చెప్పవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతం ఏడాదికి 25 లక్షలు. 2020 లాక్‌డౌన్ రోజుల్లో దఫదఫాలుగా ఎనిమిది లక్షలు పెట్టి కొన్న బిట్‌కాయిన్ విలువ ఇప్పుడు కోటి దాటింది. సొంత ఫ్లాట్ తరువాత నాకున్న పెద్ద ఆస్తి ఇదే. యూట్యూబ్ ఛానల్ నడిపే మిత్రుడొకరు నా అనుభవాన్ని, పోర్ట్‌ఫోలియో స్క్రీన్‌తో సహా, వీడియోగా చేద్దామంటున్నారు. ఏటా రిటర్నులో అన్నీ చూపుతున్నాను కాబట్టి దాచవలసిందేమీ లేదని నా అభిప్రాయం. నా భార్య మాత్రం వద్దే వద్దంటోంది. ఇప్పటికే బంధువుల పెళ్లిలో ఇద్దరు ముగ్గురికి ఫోన్‌లో చూపించాను. అమ్మానాన్నలు ఊళ్లో ఒంటరిగా ఉంటారు. ఇందులో నిజంగా భయపడవలసింది ఉందా?

జవాబు: మీ భార్య చెప్పిన మాటే సరైనది. ఆ వీడియో చేయవద్దు. స్క్రీన్ చూపకుండా మాటల్లో మాత్రమే చెప్పాలనుకున్నా చేయవద్దు. పన్ను కట్టిన సొమ్మును దాచడమెందుకన్న మీ ప్రశ్న న్యాయమైనదే గాని, ఆదాయపు పన్ను శాఖకు చెప్పడం వేరు, ఊరికంతటికీ చెప్పడం వేరు.

మీ ఉత్తరాన్ని ప్రచురించే ముందు అందులోంచి మూడు వివరాలు తీసివేశాను: మీరు పనిచేసే కంపెనీ పేరు, మీ తల్లిదండ్రులు ఉండే ఊరి పేరు, బిట్‌కాయిన్ ఉంచే వాలెట్‌కు తాళంచెవిలా పనిచేసే 24 పదాలు రాసిన కాగితాన్ని మీరు దాచిన చోటు. నేను మీకు ముక్కూమొహం తెలియని మనిషిని. అయినా ఒక్క ఉత్తరంలో మీ దగ్గర ఎంత ఉందో, దాన్ని తీయడానికి ఏం కావాలో, అది ఎక్కడ దొరుకుతుందో, అది ఉన్న ఇంట్లో ఎవరుంటారో చెప్పేశారు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. సలహా అడిగేటప్పుడు డాక్టరు దగ్గరైనా ఆడిటరు దగ్గరైనా ఉన్నదంతా విప్పి చెప్పడం మనకు అలవాటే. ఆ అలవాటు పొలానికీ, ఫిక్స్‌డ్ డిపాజిట్‌కూ పెద్దగా హాని చేయదు. బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో ఆస్తికి చేస్తుంది. ఎందుకో చెబుతాను.

మీకు ఊళ్లో రెండెకరాలు ఉన్నాయని అందరికీ తెలుసనుకోండి. ఎవరైనా మెడమీద కత్తి పెట్టి ఆ పొలాన్ని రాయించుకోవాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు మిమ్మల్ని తీసుకువెళ్లాలి, సాక్షులు కావాలి, వేలిముద్రలు పడాలి, ఆ తరువాత కూడా మీరు కోర్టుకు వెళ్లి బలవంతపు రిజిస్ట్రేషన్ అని నిరూపించుకునే వీలుంటుంది. బ్యాంకులో డబ్బు ఉంటే బదిలీకి రోజువారీ పరిమితి ఉంటుంది, డబ్బు వెళ్లిన ఖాతాకు ఒక పేరు ఉంటుంది, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేస్తే ఆ ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. మీ సొంత వాలెట్‌లో ఉన్న బిట్‌కాయిన్‌కు ఈ అడ్డంకులేవీ లేవు. అక్కడ బీరువా మీరే, తాళం కూడా మీరే. మీ చేత పాస్‌వర్డ్ కొట్టించగలిగితే కోటి రూపాయలు కొన్ని నిమిషాల్లో మరో వాలెట్‌కు పోతాయి. దాన్ని వెనక్కి తిప్పే మేనేజరు గాని, హెడ్డాఫీసు గాని ఎక్కడా ఉండదు. ఆ సొమ్ము ఏ చిరునామాకు వెళ్లిందో తరువాత ఎవరైనా చూడగలరు, కాని చూడటం వేరు, రాబట్టడం వేరు. ధర పడిపోతుందని భయపడే పాఠకులు నాకు చాలామంది రాస్తారు గాని, ఈ సంగతి గురించి అడిగేవారు తక్కువ.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. క్రిప్టో తాళాలు దాచుకునే చిన్న పరికరాలను, అంటే హార్డ్‌వేర్ వాలెట్లను తయారుచేసే ఫ్రెంచి కంపెనీ లెడ్జర్ సహ వ్యవస్థాపకుడు డేవిడ్ బాలాండ్‌ను 2025 జనవరి 21న మధ్య ఫ్రాన్స్‌లోని ఇంటినుంచి భార్యతో సహా ఎత్తుకుపోయారు. ఆయన వేలు నరికి, క్రిప్టో రూపంలో డబ్బు పంపమన్నారు. మరునాడు పోలీసుల ప్రత్యేక దళం ఆయన్ను విడిపించింది. భార్య ఆ తరువాతి రోజున ఒక వాహనంలో కట్టివేసి ఉండగా దొరికారు. అదే సంవత్సరం మే మొదటి వారంలో పారిస్‌లో ఇంకొక క్రిప్టో వ్యాపారి తండ్రిని పట్టపగలు అపహరించి, ఆయన వేలు కూడా నరికారు. మే 13న మరో క్రిప్టో కంపెనీ అధిపతి కుమార్తెను, ఆమె చిన్న బిడ్డను పారిస్ వీధిలో వ్యాన్‌లోకి లాగబోయారు. ఆమె భర్త ఎదురు తిరగడం, చుట్టుపక్కలవాళ్లు పరుగెత్తుకు రావడం వల్ల ఆ ప్రయత్నం విఫలమైంది. వరుసగా ఇలా జరిగేసరికి ఫ్రాన్స్ హోం మంత్రి క్రిప్టో వ్యాపారులను పిలిపించి మాట్లాడి, వారికి అత్యవసర పోలీసు సాయంలో ప్రాధాన్యం, ఇళ్లకు భద్రతా తనిఖీలు ప్రకటించవలసి వచ్చింది.

ఈ మూడింటిలో రెండు సంఘటనలను మీరు మళ్లీ చదవండి. డబ్బున్న మనిషి ఒకరు, బలైనవారు మరొకరు: ఒకచోట తండ్రి, ఇంకొకచోట కూతురు, మనవడు. మీరు హైదరాబాద్‌లో గేటు, కెమెరాలు, వాచ్‌మన్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. మీ అమ్మానాన్నలు వీధి తలుపు పగలంతా తెరిచి ఉండే ఇంట్లో ఉంటారు. వీడియోలో మీ ముఖం, మీ ఇంటిపేరు, మీ యాస ఉంటే ఆ ఊరిని పట్టుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

వాళ్లు విదేశాల్లోని కోటీశ్వరులు, మన దగ్గర అలాంటివి ఎక్కడ అంటారేమో. 2018లో గుజరాత్‌లో సూరత్‌కు చెందిన ఒక బిల్డరును అపహరించి, ఫామ్‌హౌస్‌లో నిర్బంధించి, ఆయన దగ్గరున్న బిట్‌కాయిన్లు గుంజుకోవడానికి ప్రయత్నించిన కేసులో అహ్మదాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం 2025 ఆగస్టులో 14 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. వారిలో అమ్రేలి జిల్లాకు అప్పట్లో ఎస్పీగా ఉన్న అధికారి, కొందరు పోలీసు సిబ్బంది, ఒక మాజీ ఎమ్మెల్యే ఉన్నారు. పుణె పక్కన పింప్రి చించ్‌వడ్‌లో 2022లో ఒక షేర్ ట్రేడరును బిట్‌కాయిన్ల కోసం అపహరించిన కేసులో అరెస్టయినవారిలో ఒక కానిస్టేబులున్నాడు. అంతకు ముందు సైబర్ క్రైమ్ విభాగంలో పనిచేసినప్పుడు ఆ ట్రేడరు దగ్గర వందల కోట్ల విలువైన బిట్‌కాయిన్ ఉందని అతనికి తెలిసిందని పోలీసులే చెప్పారు. పోలీసులను నమ్మవద్దని నేను అనడం లేదు. ఆపద వస్తే వెళ్లవలసింది వారి దగ్గరికే. ఒకరికి తెలిసిన అంకె ఆ ఒక్కరి దగ్గరే ఆగదని మాత్రం అంటున్నాను. పుణె కేసులో వినపడిన అంకె నిజమో కాదో కూడా నేరానికి అడ్డు కాలేదు. మీ దగ్గర కోటి ఉంటే, మూడో నోటికి చేరేసరికి అది పది కోట్లవుతుంది. పది కోట్లు ఇమ్మని కూర్చున్నవాడికి కోటి చూపిస్తే మిగతాది దాచావంటాడు.

మీరు నోరు కట్టుకున్నా వివరాలు బయటికి పోయే దారులు ఉన్నాయి. 2020లో లెడ్జర్ కంపెనీ ఖాతాదారుల వివరాలు చోరీ అయి, సుమారు 2,72,000 మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇంటర్నెట్‌లో పడ్డాయి. 2025 మేలో క్రిప్టో కొని అమ్ముకునే కాయిన్‌బేస్ ఎక్స్ఛేంజీ, విదేశాల్లోని తన కస్టమర్ సపోర్ట్ సిబ్బందిలో కొందరికి నేరగాళ్లు లంచమిచ్చి 69,000 మందికి పైగా ఖాతాదారుల వివరాలు తీసుకున్నారని వెల్లడించింది. అందులో చిరునామాలు, గుర్తింపు పత్రాల బొమ్మలు, నిల్వల సమాచారం కూడా ఉన్నాయి. ఇవి మీ చేతిలో లేని దారులు. అవి ఉన్నాయి కనుకే, మీ చేతిలో ఉన్న దారులనైనా మూయాలి.

ఆ చేతిలో ఉన్న దారి ఎంత చిన్నదో ఒక ఉదాహరణ చెబుతాను. కొంతకాలం క్రితం మా ఆఫీసుకు వచ్చిన క్లయింటు ఒకరు ఫోన్‌ను బల్లమీద వెల్లకిలా పెట్టి మాట్లాడుతున్నారు. తాళం వేసి ఉన్న తెరమీదే టింగుమని నోటిఫికేషన్ వచ్చింది: ధర ఇంత శాతం పెరిగింది, మీ హోల్డింగ్స్ విలువ ఇంత. అప్పుడే టీ తెచ్చిన కుర్రాడు గ్లాసు పెడుతూ అటు చూశాడు. చదవాలని చూశాడని అనను, వెలిగిన తెరను చూడకుండా ఉండటం ఎవరివల్లా కాదు, నేనూ చదివాను. మీరు ఈరోజే ఆ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపండి, హోం స్క్రీన్ మీద విలువ చూపే విడ్జెట్‌ను తీసివేయండి. మీ వాలెట్ చిరునామాను, డబ్బు అందుకోవడానికైనా సరే, మీ పేరుతో ఎక్కడా పెట్టవద్దు. బిట్‌కాయిన్ ఖాతాపుస్తకం బహిరంగం కనుక ఆ చిరునామా తెలిసినవారు అందులో ఎంత ఉందో, ఎప్పుడు కదిలిందో చూసుకోగలరు. పెళ్లిలో చూసినవారి సంగతికి అబద్ధాలు అల్లనవసరం లేదు. వాళ్లు మళ్లీ అడిగితే ‘కొంత అమ్మి ఇంటి లోన్‌లో వేశాను’ అనండి. కింద చెప్పే పని చేస్తే ఆ మాట నిజమే అవుతుంది.

ఆ పని ఏమిటంటే, ఇందులో కొంత అమ్మడం. ఒకే చోట ఇంత పోగుపడటం భద్రత మాట పక్కనపెట్టినా మంచిది కాదు. సగానికి కొంచెం తక్కువగా, 40 లక్షల మేర అమ్మి, ఫ్లాట్ మీద లోన్ ఉంటే దానికి, మిగిలినది డిపాజిట్లకు, ఫండ్లకు మళ్లించమని నా సలహా. లాభంపై 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు పడతాయి. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తగ్గించుకోనివ్వరు. మొత్తం ఒకే ఆర్థిక సంవత్సరంలో అమ్మితే జీతంతో కలిపి ఆదాయం 50 లక్షలు దాటి 10 శాతం సర్‌చార్జి కూడా తోడవుతుంది. కాబట్టి మార్చిలో 20 లక్షలకు, ఏప్రిల్‌లో 20 లక్షలకు అమ్మండి. ఒక్కొక్క దఫాలో కొన్న ధర సుమారు 1,60,000 పోగా లాభం 18,40,000. పన్ను, సెస్సు కలిసి 5,74,080 రూపాయలు. ఎక్స్ఛేంజీ మినహాయించే 1 శాతం టీడీఎస్ ఇందులో సర్దుబాటవుతుంది.

మిగిలిన దాన్ని మీరొక్కరే, ఒక్క గదిలో కూర్చుని, ఒక్క రాత్రిలో పంపలేని విధంగా అమర్చుకోవాలి. దీనికి మల్టీసిగ్ వాలెట్ ఉంది: మూడు తాళాలు ఉంటాయి, వాటిలో ఏవైనా రెండు కలిస్తేనే డబ్బు కదులుతుంది. ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాంకు లాకరులో, మూడోది వేరే ఊళ్లో ఉన్న మీ తోబుట్టువు దగ్గర ఉంచితే, మీమీద ఎంత ఒత్తిడి తెచ్చినా బ్యాంకు తెరిచేదాకా పని జరగదు. ఇది తిరుగులేని రక్షణ అని చెప్పను. ఎదుటివాడు మీ మాట నమ్మకపోవచ్చు, తెల్లవారేదాకా మిమ్మల్ని పట్టి ఉంచవచ్చు. అందుకే మౌనం తరువాతే దీని స్థానం. ఈ అమరిక మీకు మరీ క్లిష్టంగా అనిపిస్తే, ఆర్థిక నిఘా విభాగం, అంటే ఎఫ్ఐయూ దగ్గర నమోదైన ఎక్స్ఛేంజీలో కొంత ఉంచి, కొత్త చిరునామాకు పంపాలంటే ఒకటి రెండు రోజులు ఆగవలసి వచ్చే సదుపాయం ఉంటే దాన్ని పెట్టుకోండి. ఎక్స్ఛేంజీలు హ్యాక్ అవుతాయన్నది నిజమే, 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీలో దాదాపు 23 కోట్ల డాలర్లు పోయాయి. కనుక అంతా అక్కడే పెట్టకండి.

దొంగను మభ్యపెట్టడానికి చిన్న మొత్తంతో ఉత్తుత్తి వాలెట్ ఉంచుకోమని ఇంటర్నెట్‌లో చాలామంది చెబుతారు. మీ దగ్గర ఎంత ఉందో తెలియనివాడి విషయంలో అది పనిచేయవచ్చు. వీడియో చూసి వచ్చినవాడి విషయంలో పనిచేయదు, పైగా అతణ్ణి రెచ్చగొడుతుంది. చేతికి చిక్కినప్పుడు తెలివి చూపించే పని పెట్టుకోవద్దు. అడిగింది ఇచ్చి ప్రాణాలతో బయటపడి, వెంటనే 112కు, ఆపైన 1930కు ఫోన్ చేయండి. ఈ మాటను మీ భార్యతోనూ ముందే అనుకుని ఉంచండి. బెదిరింపు ఫోన్‌గానో, వాట్సాప్ సందేశంగానో వస్తే దాన్ని తుడిచివేయకుండా దాచి, అదే రోజు ఫిర్యాదు చేయండి. బెదిరించి వసూలు చేయడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం, డబ్బు చేతులు మారేదాకా ఆగనవసరం లేదు.

ఇక ఆ 24 పదాల కాగితం. అది ఉన్న చోటు నాకు తెలిసింది కాబట్టి అది రహస్యం కాకుండా పోయింది. కాగితాన్ని మాత్రమే చోటు మారిస్తే సరిపోదు, ఇంతకాలంలో దాన్ని ఎవరు చూసి ఉంటారో మీరు చెప్పలేరు. కొత్త వాలెట్లు తయారుచేసి, కొత్త పదాలు రాసుకుని, బిట్‌కాయిన్‌ను అందులోకి మార్చండి. సొంత వాలెట్ల మధ్య మార్పిడి అమ్మకం కాదు కనుక పన్ను పడదు, అయితే తేదీ, మొత్తం రాసిపెట్టుకోండి. కొత్త పదాలను ఫోటో తీయవద్దు, మెయిల్‌లో పెట్టుకోవద్దు. మీకేదైనా అయితే ఎలా తీయాలో మీ భార్యకు తెలిసి ఉండాలి, కాబట్టి ఆవిడను పక్కన కూర్చోబెట్టుకునే ఈ పని చేయండి. ఆ పాత కాగితాన్ని మాత్రం సొమ్మంతా కొత్త వాలెట్లకు చేరిందని రెండుసార్లు చూసుకున్న తరువాతే కాల్చేయండి.