డ్రాప్స్ వేసినన్నాళ్ళూ బాగుంటుంది, ఆపగానే మళ్ళీ చెవి గోకుడు

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే అండి. మా లాబ్రడార్ కుక్కకి మూడేళ్ళు. మాటిమాటికీ చెవి ఇన్ఫెక్షన్ వస్తోంది. ఎప్పుడు చూసినా తల విదిలిస్తూనే ఉంటాడు, గోక్కుని గోక్కుని చెవి వెనక వెంట్రుకలు ఊడిపోయాయి, దగ్గరికొస్తే ఏదో పులిసిన వాసన. డ్రాప్స్ వేస్తే వారంలో తగ్గుతుంది, ఆపాక నెల తిరక్కుండా మళ్ళీ మొదలు. పోయినసారి మిగిలిన సీసా ఇంట్లోనే ఉంది, అదే వేసేయమంటారా? పాదాలు కూడా తెగ నాకుతుంటాడు, అది అలవాటు అనుకోండి. (ఒక పాఠకురాలు)

జవాబు: ముందు ఆ సీసా పక్కన పెట్టేయండమ్మా. మీరు రాసినదాంట్లో అసలు సంగతి చివర్న ఉంది, అలవాటేలే అని వదిలేశారే, ఆ పాదాలు నాకడం. చెవులు, పాదాలు రెండూ కలిసి దురద పెడుతున్నాయంటే నా అనుమానం ముందు ఎలర్జీ మీదకే పోతుంది. చెవి లోపలుండేది కూడా చర్మమే కదా, ఒళ్ళంతా ఎలర్జీ ఉన్న కుక్కకి కొన్నిసార్లు అది చెవిలో మాత్రమే బయటపడుతుంది.

లోపల జరిగేది ఏంటంటే, కుక్క చెవి గొట్టం మనకిలాగా పొట్టిగా ఉండదు, పైనుంచి కిందికి దిగి అక్కణ్ణుంచి లోపలికి మలుపు తిరుగుతుంది, కర్ణభేరి ఆ మలుపు దాటాక ఉంటుంది. ఎలర్జీతో ఆ గొట్టం వాస్తుంది, గులిమి ఎక్కువ ఊరుతుంది, గాలి ఆడదు, తడి ఆరదు. మలాసెజియా అనే ఈస్ట్ (బూజు జాతి సూక్ష్మజీవి), కొన్ని బాక్టీరియాలు మంచి చెవిలో కూడా కొద్దికొద్దిగా ఉంటాయి, వాటికి ఇంతకంటే ఏం కావాలి, తెగ పెరిగిపోతాయి. మీరు చెప్పిన పులిసిన వాసన ఎక్కువగా ఈస్ట్‌దే అయి ఉంటుంది. డ్రాప్స్ వాటిని చంపుతాయి గానీ ఎలర్జీ అక్కడే ఉంటుంది, అందుకే నెలకి మళ్ళీ మొదటికొస్తోంది. వేలాడే చెవులు, ఈత సరదా (లాబ్రడార్లకి రెండూ ఉంటాయి) దీనికి తోడవుతాయి, కానీ వేలాడే చెవులున్న కుక్కలన్నిటికీ ఇన్ఫెక్షన్ రావట్లేదుగా.

పాత సీసా ఎందుకొద్దంటే, ఒకటి, ఈసారి పెరిగింది పోయినసారి పెరిగిన క్రిమే అని గ్యారంటీ లేదు. దూది పుల్లతో కొంచెం గులిమి తీసి రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఈస్టా, గుండ్రటి బాక్టీరియానా, పుల్లల్లాంటివా అని కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది, పుల్లల్లాంటివి కనబడితే సూడోమోనాస్ అనే బాక్టీరియా కావచ్చు, అది మొండిది, కల్చర్ (ల్యాబ్‌లో పెంచి ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) చేయించాల్సి రావచ్చు. రెండోది ఇంకా ముఖ్యం, కర్ణభేరికి చిల్లు పడి ఉంటే జెంటమైసిన్ లాంటి కొన్ని మందులు లోపలికి దిగి వినికిడినే దెబ్బతీయొచ్చు. అందుకే ఓటోస్కోప్ (చెవి లోపలికి చూసే పరికరం) పెట్టి చూడకుండా చుక్క కూడా వద్దంటాను నేను. చూడకుండానే డ్రాప్స్ రాసిచ్చేవాళ్ళూ ఉన్నారు, మీరే అడిగి చూపించుకోండి. ఆపేముందు కూడా ఇంకోసారి చూపించాలి, గోకుడు ఆగిందంటే లోపల శుభ్రమైపోయిందని కాదు.

ఇక ఎలర్జీ దేనికి అన్నది తేలడానికి టైం పడుతుంది. ముందు గోమార్లు, ఒంటి మీద గెంతే పురుగుల (ఫ్లీస్) సంగతి చూసుకోవాలి. తర్వాత తిండి పరీక్ష, కనీసం 8 వారాలు, ఇంతవరకు ఎప్పుడూ తినని ఒకే మాంసం గానీ డాక్టర్ రాసే హైడ్రోలైజ్డ్ ఫుడ్ (ప్రోటీన్‌ని బాగా చిన్న ముక్కలుగా విడగొట్టిన తిండి) గానీ, అదొక్కటే. బిస్కెట్ ముక్క పెట్టకూడదు, ఫ్లేవర్ ఉన్న మాత్ర కూడా వద్దు, ఇంట్లో ఒక్కరు జాలిపడి ఏదైనా పెట్టారా మొత్తం పోయినట్టే. తగ్గితే పాత తిండి మళ్ళీ పెట్టి చూస్తారు, దురద తిరిగొస్తే దొంగ దొరికినట్టు. తిండి ఎలర్జీకి రక్త పరీక్షలని ఉంటాయి, వాటిని నేను నమ్మను, వాటి ఫలితాల మీద ఆధారపడలేం. తిండి కాదని తేలితే ధూళి, పుప్పొడి వైపు చూడాలి, అవి పూర్తిగా పోవు గానీ అదుపులో పెట్టే మందులు ఉన్నాయి.

ప్రశ్న: ఇంట్లో చెవులు ఎలా క్లీన్ చేయాలి సార్? వారం వారం చేస్తున్నాను, ఇయర్ బడ్స్‌తో. (ఒక పాఠకుడు)

జవాబు: బడ్స్ మానేయండి, అవి గులిమిని మలుపులోకి ఇంకా తోసేస్తాయి. కుక్కల కోసమే చేసిన ఇయర్ క్లీనర్ తీసుకుని సీసా కాసేపు చేతిలో పట్టుకుని చలి పోగొట్టండి, చల్లగా పడితే ఎగిరిపడి ఇంకోసారి దగ్గరికి రానివ్వదు. చెవి డొప్ప పైకి లాగి పట్టుకుని గొట్టం నిండేదాకా పోసి, చెవి మొదట్లో గట్టిగా తగిలే గొట్టాన్ని అర నిమిషం పిసకండి, లోపల పిచిక్ పిచిక్ అని శబ్దం రావాలి. తర్వాత వదిలేసి మీరు దూరం జరగండి (గోడలు కూడా దూరంగా ఉంటే మంచిది), అది తల విదిలించి లోపలిదంతా పైకి తెస్తుంది, కంటికి కనబడేంతవరకు దూదితో తుడవండి, అంతే. ఆరోగ్యంగా ఉన్న చెవిని వారం వారం కడగక్కర్లేదు, ఎక్కువ కడిగితే చర్మం నానిపోయి అదే ఇన్ఫెక్షన్‌కి దారి. వెనిగర్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయొద్దు, పుండుగా ఉన్న చెవిలో భగ్గుమంటుంది. చెవి ఎర్రగా ఉన్నా, ముట్టుకుంటే అరిచినా, చీము కారుతున్నా అసలు క్లీన్ చేయకుండా అలాగే తీసుకెళ్ళండి, కడిగేస్తే డాక్టర్ చూడటానికి శాంపిల్ మిగలదు.

ప్రశ్న: మా పప్పీ చెవుల్లో నల్లగా కాఫీ పొడి లాంటిది వస్తోంది, ఇంట్లో పిల్లి కూడా గోక్కుంటోంది. తెలిసినవాళ్ళు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేయించమన్నారు.

జవాబు: చెవి మైట్స్ (చెవిలో చేరే అతి చిన్న పురుగులు) కావచ్చు, పిల్లి కూడా గోక్కుంటోందంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటాయి కాబట్టి ఇంట్లో ఉన్న కుక్కలకీ పిల్లులకీ అన్నిటికీ ఒకేసారి మందు పడాలి, గుడ్డు నుంచి పెద్ద పురుగు అయ్యేదాకా వాటికి దాదాపు 3 వారాలు పడుతుంది కాబట్టి మధ్యలో ఆపకూడదు. ఐవర్‌మెక్టిన్ అనే ఈ పురుగుల మందు మాత్రం మీ అంతట మీరు వేయించొద్దు, కోలీ జాతి కుక్కల్లో, వాటి క్రాసుల్లో చాలావాటికి జన్యువులో తేడా ఉంటుంది, ఎక్కువ డోసు పడితే మందు మెదడుకెక్కి ప్రాణం మీదకి వస్తుంది. ఇప్పుడు మెడ మీద వేసే మందులు, మాత్రలు ఉన్నాయి. ఇంకో మాట, కుక్క మందు పిల్లికి వేయకండి, కొన్నిట్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, అది పిల్లులకి విషం.

ప్రశ్న: చెవి డొప్ప రాత్రికి రాత్రి ఉబ్బింది, మెత్తగా ఉంది. సూదితో నీరు తీసేయొచ్చా?

జవాబు: లోపలుంది నీరు కాదు, రక్తం. తల విదిలించీ విదిలించీ డొప్పలో రక్తనాళం తెగి ఉంటుంది. ఇంట్లో గుచ్చితే మళ్ళీ నిండుతుంది, పైగా చీము పడుతుంది. డాక్టర్‌కి చూపించండి, విదిలించడానికి కారణమైన ఇన్ఫెక్షన్‌కి కూడా అప్పుడే వైద్యం చేయించండి.

ప్రశ్న: మా ముసలి కుక్క పొద్దున లేవగానే తల ఒక పక్కకి వంచేసి తూలి పడిపోతోంది, కళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. పక్షవాతమా?

జవాబు: ఈరోజే తీసుకెళ్ళండి. లోపలి చెవికి పాకిన ఇన్ఫెక్షన్ అయినా కావచ్చు, ముసలి కుక్కల్లో కారణం తెలియకుండా బ్యాలెన్స్ తప్పే జబ్బు ఒకటుంది, అదైనా కావచ్చు, మెదడు సమస్యా కాదా అన్నది కూడా పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. వయసు మూలంగా వచ్చేదైతే చూడటానికి భయంగా ఉంటుంది గానీ చాలావరకు కొద్ది రోజుల్లో తేరుకోవడం మొదలవుతుంది, రెండు మూడు వారాలకి బాగానే తిరుగుతాయి. అప్పటిదాకా మెట్ల దగ్గరికి పోనివ్వకండి, గిన్నె నోటి దగ్గరే పట్టుకుని నీళ్ళు తాగించండి. తల కొంచెం వంకరగా మిగిలిపోవచ్చు, దానితో దానికి పెద్ద ఇబ్బందేం ఉండదు.