ఆట నియమాలు రాస్తున్న తమ్ముడికి

కావలి

తమ్ముడూ,

నువ్వు పంపిన రెండు పేజీలూ మూడుసార్లు చదివాను. గాడిద ఆటనూ రమ్మీనీ కలిపి మీ ఇంట్లో ఆడుకునే ఆటకు నియమాలు రాసి, ‘ఇదీ రచనేనా అన్నా?’ అని అడిగావు. ముమ్మాటికీ రచనే. కథ అర్థం కాకపోతే చదివేవాడు పక్కన పెట్టేస్తాడు. నియమం అర్థం కాకపోతే నలుగురు కొట్లాడుకుంటారు.

ముందు నాకు నచ్చింది చెబుతాను. కట్టలో 52 ముక్కలు, నలుగురికి పంచితే తలా 13. గాడిదకు కట్టంతా పంచాలి, రమ్మీకి చేతిలో 13 ఉండాలి. రెండూ ఇక్కడ చక్కగా కుదిరాయి. ఇంకొకటి. గాడిదలో అడిగిన జాతి (ఇస్పేటు, ఆటీను లాంటిది) లేనివాడు వేరే ముక్క వేసి కొడితే, పెద్ద ముక్క వేసినవాడు కింద ఉన్నవన్నీ ఎత్తుకోవాలి. నీ ఆటలో ఆ ఎత్తుకున్న ముక్కలతోనే సెట్టో (ఒకే విలువ ముక్కలు), సీక్వెన్సో (ఒకే జాతిలో వరుస ముక్కలు) కట్టి దించేయొచ్చు. దెబ్బ తిన్నవాడికి అందులోనే దారి దొరుకుతుంది. దించినవి మళ్లీ చేతికి రావు కాబట్టి ఆట కూడా తొందరగా తెములుతుంది. నీ ఆటకు ప్రాణం ఇదే. దీన్ని రెండో పేజీ చివర ఎందుకు దాచావు? మొదటి పేరాలోకి తీసుకురా.

ఇక ‘మిగతాదంతా రమ్మీలో లాగే’ అని రాశావే, ఆ వాక్యం కొట్టెయ్. ఎవరింటి రమ్మీ?

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు కోవూరులో ఒక పెళ్లింట్లో ఇలాంటి కలగలుపు ఆటే తయారుచేసి, నియమాలు నోటితో చెప్పాను. అర్ధరాత్రి దాటాక మా మేనమామ ఇస్పేటు రాజు, ఆసు, రెండు కలిపి సీక్వెన్స్ అని దించాడు. మా ఇంట్లో అది చెల్లదు, వాళ్లింట్లో చెల్లుతుందట. అందరూ నా మొహం చూశారు. నేనేమీ చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. ఆయన చేతిలో ముక్కలు చాప మీద బోర్లా పెట్టి లేచి వెళ్లిపోయాడు. పెళ్లయ్యేదాకా నాతో మాట్లాడలేదు. ఆ బోర్లా పెట్టిన ముక్కలు నాకిప్పటికీ కనబడతాయి.

నీ ఆటలో ఆసుతో చిక్కు ఇంకా ఎక్కువ. గాడిదలో అది అన్నిటికన్నా పెద్దది. రమ్మీలో రాజు పక్కనా నిలుస్తుంది, రెండు పక్కనా నిలుస్తుంది. కాబట్టి ఇలా రాయి: ‘ముక్క వేసేటప్పుడు ఆసే పెద్దది. దించేటప్పుడు రాణి, రాజు తర్వాత గానీ, రెండు, మూడుకు ముందు గానీ పెట్టుకోవచ్చు. రాజు, ఆసు, రెండు కలిపి దించకూడదు.’ చిన్న వాక్యాలే, కానీ గొడవకు చోటుండదు.

ఎత్తుకున్నవాడే తర్వాతి ముక్క వేయాలన్నావు. వాడు అన్నీ దించేసి చెయ్యి ఖాళీ చేసుకుంటే ఎవరు వేయాలి? నన్నడిగితే, కొట్టినవాడు. నీకు ఇంకోలా తోస్తే అలాగే రాయి, కానీ ఏదో ఒకటి రాయి. దించిన ముక్కలు బోర్లా ఉండాలా, అందరికీ కనబడాలా? ఇది చిన్న విషయం కాదు. రమ్మీ నేర్పుతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవడం కూడా ఆ నేర్పులో భాగమని అన్నది. కనబడేలా పెడితే జ్ఞాపకానికి పని తగ్గుతుంది, బోర్లా పెడితే పెరుగుతుంది. నీ ఆట ఎలాంటిదో ఆ ఒక్క మాటతో తేలిపోతుంది.

‘రంగు’ అనే మాట కూడా మార్చు. ఎర్రవాటిలో ఆటీనూ ఉంది, డైమనూ ఉంది. కొత్తవాడు రెండూ ఒకటే అనుకుంటాడు. ‘జాతి’ అను.

వచ్చే ఆదివారం ఒంగోల్లో పొద్దున్నే రైలెక్కు. తిరగరాసిన కాగితం తీసుకురా. మా వీధివాళ్లు ముగ్గురు, నేను, నలుగురం కూర్చుంటాం. నువ్వు పక్కన కూర్చో, మేం ఎంత తప్పు ఆడినా నోరు విప్పొద్దు. మేం కాగితం మీంచి తలెత్తి నీ వైపు చూసిన ప్రతిసారీ, ఏ వాక్యం దగ్గర ఆగామో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. భోజనం ఇక్కడే.

మీ అన్న